బోచే ఆట నేర్చుకోవడం ఎలా: నేలను సిద్ధం చేయడం నుంచి చివరి బంతి దాకా

బోచే ఇటలీలో తరతరాలుగా ఆడుతున్న బంతులాట. పల్లీనో అనే చిన్న బంతిని ముందుగా దొర్లిస్తారు. ఆ తరువాత రెండు జట్లూ తమ పెద్ద బంతులను ఒక్కొక్కటిగా వదులుతూ దానికి వీలైనంత దగ్గరగా చేర్చడానికి ప్రయత్నిస్తాయి. పరుగులు తీయవలసిన పని లేదు, ఖరీదైన దుస్తులు అక్కరలేదు, తాతగారూ మనుమరాలూ ఒకే జట్టులో నిలబడి ఆడవచ్చు. ఇటాలియన్ వలసదారుల వెంట ఈ ఆట అర్జెంటీనాకు, ఆస్ట్రేలియాకు, అమెరికాకు వెళ్ళింది. శాన్‌ఫ్రాన్సిస్కోలోని నార్త్ బీచ్‌లోను, కాలిఫోర్నియాలోని మార్టినెజ్ పట్టణంలోను పార్కుల్లోనే కోర్టులు ఉన్నందువల్ల బే ఏరియాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ ఆట కంటబడుతూనే ఉంటుంది.

కొత్తగా నేర్చుకునేవారు తమ శ్రద్ధనంతా చేతి మీద పెడతారు. నా అభిప్రాయంలో బోచే సగానికి పైగా నేలకు సంబంధించిన ఆట. బంతి ఎక్కడ పడుతుంది, పడిన చోట నేల గట్టిగా ఉందా వదులుగా ఉందా, వేగం తగ్గాక ఎటు మొగ్గుతుంది అన్న సంగతులు తెలిసిన ఆటగాడు మామూలు చేతితోనే మంచి బలవంతుణ్ణి ఓడించగలడు. అందుకే ఈ మార్గదర్శిలో కోర్టుకూ, బంతిని దొర్లించే పద్ధతికీ ఎక్కువ చోటు ఇచ్చాను.

ఏ నియమాలతో ఆడాలో ముందే తేల్చుకోండి

ఇటలీలో బోచేకు రెండు ప్రధానమైన పద్ధతులు ఉన్నాయి. మధ్య ఇటలీలో బలంగా ఉన్న రాఫా పద్ధతిలో సింథటిక్ బంతులను, సుమారు 26.5 మీటర్ల పొడవు, 4 నుంచి 4.5 మీటర్ల వెడల్పు ఉన్న కోర్టులో ఆడతారు. కోర్టు చుట్టూ ఉండే పక్క పలకలకు బంతిని తాకించి దారి మళ్ళించడానికి ఇందులో అనుమతి లేదు. పీడ్‌మాంట్, లిగూరియా వంటి వాయవ్య ప్రాంతాల్లో వోలో పద్ధతిది పైచేయి. అందులో లోహపు బంతులు వాడతారు. కొన్ని అడుగులు పరుగెత్తి, బంతిని గాలిలోకి విసిరి, ఎదుటివారి బంతిని నేరుగా కొట్టడం అందులోని అసలు నైపుణ్యం. 13 ప్రపంచ టైటిళ్ళు గెలిచిన ఉంబెర్తో గ్రనాల్యా ఈ వోలో పద్ధతికి చెందినవాడే, టురిన్ నగరవాసి. ఆ నగరానికి ఆనుకొని ఉన్న రివోలి పట్టణంలోనే 1898 మే 1న పీడ్‌మాంట్ బోచే క్లబ్బులు ఒక సంఘంగా ఏర్పడ్డాయి.

మూడవది అమెరికాలో వాడుకలో ఉన్న ఓపెన్ పద్ధతి. దీనిలో కోర్టు చిన్నది, నియమాలు తక్కువ, పక్క పలకలను వాడుకోవచ్చు. కొత్తవారికి ఇదే అనువైనది గనుక ఇక్కడ నేర్పేది కూడా ఇదే.

బంతులు ఎంచుకోవడం

ఒక సెట్టులో 8 పెద్ద బంతులు, ఒక పల్లీనో ఉంటాయి. జట్టుకు ఒక రంగు చొప్పున నాలుగేసి బంతులు. పెద్దవారు ఆడే బంతి వ్యాసం 107 మి.మీ., బరువు సుమారు 920 గ్రాములు. రాఫా పోటీల్లో పల్లీనో 40 మి.మీ., 90 గ్రాములు ఉంటుంది. వినోదం కోసం అమ్మే సెట్లలో అది కాస్త పెద్దదిగా ఉండటం మామూలే. పిల్లల కోసం 90 లేదా 100 మి.మీ. సెట్లు దొరుకుతాయి. అరచేతిలో పట్టని బంతితో నేర్చుకున్న పిల్లలకు పట్టు తప్పుగా అలవాటవుతుంది కాబట్టి చిన్న సెట్టు కొనడమే మేలు.

కొనే ముందు వంటింటి త్రాసు మీద ఎనిమిది బంతులనూ తూచి చూడండి. వాటి మధ్య పది గ్రాములకు మించి తేడా ఉంటే ఆ సెట్టును పక్కన పెట్టండి. రెజిన్‌తో చేసిన గట్టి బంతులు ఎండకూ వానకూ ఆకారం మారవు. చెక్క బంతులు చూడముచ్చటగా ఉంటాయి గానీ తేమకు ఉబ్బుతాయి. ఒకే రంగు బంతుల్లో సగం వాటి మీద ఒక రకం గీతలు, మిగిలిన సగం మీద వేరే రకం గీతలు ఉంటే, ఇద్దరిద్దరు ఆడేటప్పుడు ఎవరి బంతి ఏదో వెంటనే తెలుస్తుంది.

కోర్టు వేయడం

60 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు ఉన్న స్థలం సరిపోతుంది. వెడల్పు 10 అడుగులకు తగ్గితే పక్క నుంచి తిరిగి వచ్చే దారులు మూసుకుపోయి ఆట చప్పబడుతుంది. పొడవును ఉత్తర-దక్షిణ దిశలో పెట్టుకుంటే ఉదయం, సాయంత్రం ఆడేవారి కళ్ళలో ఎండ పడదు. పెద్ద చెట్ల వేర్లు పాకే చోటు వద్దు, ఎందుకంటే నాలుగైదేళ్ళలో ఆ వేర్లే కోర్టును ఎత్తిపడేస్తాయి.

ముందుగా నాలుగు మూలలా మేకులు దిగ్గొట్టి, మేస్త్రీలు వాడే దారం కట్టి, రెండు కర్ణాలూ సమానంగా వచ్చాయో లేదో కొలవండి. తరువాత ఆరు అంగుళాల లోతు తవ్వించి, ట్యూబ్ లెవెల్‌తో ప్రతి పది అడుగులకూ ఒక గుర్తు పెట్టండి. పొడవునా మట్టం సమంగా ఉండాలి. వాన నీరు పోవడానికి కోర్టు మధ్యలో వాలు ఇవ్వాలన్న ఆలోచనను దయచేసి మానుకోండి. నీటిని కిందికి ఇంకించి, పలకల అడుగున వదిలిన రంధ్రాల ద్వారా పక్క కాలువలోకి పంపాలే తప్ప, బంతి దొర్లే ఉపరితలాన్ని వాల్చకూడదు.

తవ్విన గుంతలో నాలుగు అంగుళాల మందాన కంకర పరిచి, నీళ్ళు చల్లుతూ రోలర్ తిప్పండి. 720 చదరపు అడుగులకు ఇది 240 ఘనపుటడుగులు అవుతుంది. దిమ్మిస కొట్టాక దిగిపోతుంది కాబట్టి ఐదో వంతు అదనంగా తెప్పించుకోవడం మంచిది. దాని మీద రెండు అంగుళాల మందాన క్రషర్ డస్ట్, అంటే 120 ఘనపుటడుగులు, అదనంతో కలిపి 145 దాకా. ఇక్కడ ఒక విషయం మేస్త్రీకి గట్టిగా చెప్పాలి. డస్ట్ బదులు కడిగిన రోబో శాండ్ తెస్తే పని చెడుతుంది. కడిగినప్పుడు మెత్తని పొడి కొట్టుకుపోతుంది, ఆ పొడే గింజలను పట్టి ఉంచేది. అది లేని నేల ఎన్నిసార్లు రోలర్ తిప్పినా వదులుగానే ఉంటుంది, బంతి పడ్డచోటే కూరుకుపోతుంది. డస్ట్‌ను ఒకేసారి పోయకుండా అంగుళం చొప్పున రెండు విడతలుగా పరిచి, ఒక్కో విడతనూ తడిపి, ఆరనిచ్చి, తొక్కించండి.

చుట్టూ 8 నుంచి 12 అంగుళాల ఎత్తున పలకలు నిలబెట్టాలి. సిమెంటు గోడ కట్టినా లోపలి వైపు చెక్క బిగించండి, లేకపోతే బంతులు పెచ్చులు లేస్తాయి. రెండు చివరల నుంచీ 10 అడుగుల దూరంలో అడ్డంగా గీసే గీతలు ఫౌల్ గీతలు. 30 అడుగుల వద్ద గీసేది మధ్య గీత.

పని అయిపోయిందని మేస్త్రీ చెప్పాక అసలు పరీక్ష మీరు చేయాలి. ఒక చివర కూర్చొని, బంతి అవతలి ఫౌల్ గీత దగ్గరికి వెళ్ళి ఆగిపోయేంత నెమ్మదిగా, అడుగు అడుగు జరుగుతూ పన్నెండు దారుల్లోనూ దొర్లించండి. బంతి పక్కకు మొగ్గిన ప్రతి చోటా సుద్దతో సున్నా చుట్టండి. తరువాత అవతలి చివర నుంచి అదే పని చేయండి. రెండు వైపుల నుంచీ ఒకే చోట సున్నాలు పడితే అక్కడ పల్లమో మిట్టో ఉన్నట్టే. గుప్పెడు డస్ట్ వేసి, తడిపి, సరిచేయండి.

కోర్టు వేసుకునే వీలు లేనివారు గట్టి నేల ఉన్న ఏ మైదానంలోనైనా తాడుతో హద్దులు పెట్టుకొని ఆడవచ్చు. ఎత్తుగా పెరిగిన గడ్డి మాత్రం వద్దు.

ఆట మొదలుపెట్టడం

ఒకరితో ఒకరు ఆడితే చెరి నాలుగు బంతులు, ఇద్దరిద్దరు ఆడితే తలా రెండు, నలుగురు నలుగురైతే తలా ఒకటి. నాణెం ఎగరేసి గెలిచినవారు పల్లీనోను దొర్లిస్తారు. అది మధ్య గీత దాటాలి, అవతలి ఫౌల్ గీత దాటకూడదు. మేధోపరమైన వైకల్యం ఉన్నవారి కోసం జరిగే స్పెషల్ ఒలింపిక్స్ నియమాల్లో ఇందుకు మూడు అవకాశాలు ఇస్తారు. మూడూ తప్పితే ఎదుటి జట్టుకు మూడు ఇస్తారు. వారూ తప్పితే పల్లీనోను 50 అడుగుల గీత (అవతలి ఫౌల్ గీత) మధ్యలో పెడతారు. ఇంట్లో ఆడేటప్పుడు కూడా ఈ పద్ధతి బాగుంటుంది.

పల్లీనో వేసిన జట్టే మొదటి పెద్ద బంతిని కూడా వేస్తుంది. ఆ తరువాతి వంతుల విషయంలోనే కొత్తవారు తడబడతారు. వంతులు ఒకటి విడిచి ఒకటిగా మారవు. ఎవరి బంతి పల్లీనోకు దగ్గరగా ఉందో వారు ఆగుతారు, దూరంగా ఉన్న జట్టు వేస్తూ పోతుంది. తమ బంతి దగ్గరయ్యేదాకానో, తమ బంతులు అయిపోయేదాకానో వారే వేయాలి. ఒక జట్టు బంతులు అయిపోతే రెండవ జట్టు మిగిలినవన్నీ వరుసగా వేస్తుంది. రెండు జట్ల బంతులూ సరిసమాన దూరంలో ఉంటే, చివరగా వేసిన జట్టే ఆ సమానత తేలేదాకా మళ్ళీ వేస్తుంది.

బంతి వదిలే ముందు కాలు ఫౌల్ గీత దాటకూడదు. వేరే ఏ బంతినీ తాకకుండా నేరుగా వెనక పలకను కొట్టిన బంతిని చాలా చోట్ల చెల్లనిదిగా తీసేస్తారు. పక్క పలకల విషయం, వెనక పలక విషయం ఆటకు ముందే ఇరు జట్లూ ఒప్పుకోవాలి. మధ్యలో తేల్చుకుందామనుకుంటే తగవులు తప్పవు.

పాయింట్లు ఒక్క జట్టుకే వస్తాయి. ఎదుటివారి అన్నిటికంటే దగ్గరి బంతిని ప్రమాణంగా తీసుకొని, దానికంటే పల్లీనోకు దగ్గరగా మీ బంతులు ఎన్ని ఉంటే అన్ని పాయింట్లు. అంటే ఒక ఫ్రేమ్‌లో, అంటే రెండు జట్ల బంతులూ అన్నీ వేయడం పూర్తయ్యే ఒక విడతలో, ఒకటి నుంచి నాలుగు దాకా రావచ్చు. ఓపెన్ ఆట సాధారణంగా 12 పాయింట్లకు ముగుస్తుంది. ఫ్రేమ్ చివర దూరాలు సమానమైతే ఎవరికీ పాయింట్ లేదు. కంటికి అనుమానంగా ఉన్నప్పుడు టేపుతో కొలవండి, కానీ టేపు కొన బంతిని కదిలించకూడదు. బంతులన్నీ ఒకే పరిమాణంలో ఉంటాయి కాబట్టి, పల్లీనో అంచు నుంచి బంతి అంచు దాకా ఉన్న ఖాళీని పోలిస్తే చాలు.

పుంతో: దగ్గరగా చేర్చడం

పల్లీనో దగ్గరికి నెమ్మదిగా దొర్లించడాన్ని ఇటాలియన్లు పుంతో అంటారు. ఆటలో అత్యధిక బంతులు ఇలాంటివే కాబట్టి, మిగిలినవన్నీ పక్కన పెట్టి ముందుగా దీన్నే నేర్చుకోవాలి.

బంతిని వేళ్ళతో నొక్కి పట్టుకోకండి. అరచేతిని పైకి తిప్పి, బంతి దానిలో తనంతట తాను కూర్చునేలా ఉంచి, వేళ్ళను కాస్త విప్పి ఆనించండి. కుడిచేతివారైతే ఎడమ కాలు ముందుకు వేసి, రెండు మోకాళ్ళనూ వంచి, భుజాన్ని కిందికి దించండి. చేయి భుజం నుంచి తిన్నగా వెనక్కి వెళ్ళి, తిన్నగా ముందుకు రావాలి, మణికట్టు మెలితిరగకూడదు. బంతి వదిలేటప్పుడు చేయి నేలకు జానెడు ఎత్తులో ఉంటే అది చప్పుడు చేయకుండా నేలను తాకుతుంది. చప్పుడు గట్టిగా వచ్చిందంటే మీరు ఎత్తు నుంచి పడేశారని అర్థం, అలాంటి బంతి మొదటి గజంలోనే దారి మారుతుంది.

చూపు ఎక్కడ ఉండాలన్నది ముఖ్యమైన ప్రశ్న. పల్లీనోను చూసి దూరాన్ని మనసులో అంచనా వేసుకోవాలి, కానీ వేసే క్షణంలో మీ ముందు ఐదారు అడుగుల దూరంలో, బంతి నేలను తాకవలసిన చోటును చూడాలి. ఆ చోటు సరిగ్గా కుదిరితే మిగతా దారిని నేల చూసుకుంటుంది.

ఇక నేల వంపును లెక్కలోకి తీసుకోవడం. బంతి వేగంగా ఉన్నప్పుడు చిన్న చిన్న వాలులను పట్టించుకోదు. ఆగబోయే చివరి మూడు నాలుగు అడుగుల్లో అదే వాలు దాన్ని బాగా లాగేస్తుంది. అందువల్ల కోర్టు మధ్యలోని వంపులకంటే పల్లీనో చుట్టూ ఉన్న వంపులు ఎన్నో రెట్లు ముఖ్యం. ప్రతి ఫ్రేమ్‌లోనూ ఎదుటివారి మొదటి బంతి చివరి గజంలో ఎటు మొగ్గిందో గమనించి గుర్తుపెట్టుకోండి. మీరు బంతి ఖర్చు చేయకుండానే దొరికే సమాచారం అది.

మొదటి బంతి పల్లీనోను దాటకుండా, దాని ముందు ఆగేలా వేయండి. వెనక ఆగిన బంతీ ముందు ఆగిన బంతీ సమాన దూరంలో ఉన్నా, వాటి విలువ సమానం కాదు. ముందున్నది ఎదుటివారి దారికి అడ్డంగా నిలుస్తుంది. వారు దాన్ని తాకితే అది పల్లీనో వైపే జరిగే అవకాశం ఉంది.

రాఫా, వోలో: కొట్టడం

చిన్నప్పుడు గోలీలాడినవారికి ఎదుటివారి బంతిని కొట్టి తరిమేయడం కొత్తగా అనిపించదు. బోచేలో దానికి రెండు మార్గాలు, ముందు చెప్పిన రెండు పద్ధతుల పేర్లే వీటికీ పేర్లు. బంతిని వేగంగా, తక్కువ ఎత్తులో విసిరి, నేల మీద దూసుకుపోయేలా చేసి కొట్టడం రాఫా. దారిలో అడ్డం ఉన్నప్పుడు వాటి మీదుగా గాలిలో పంపి, లక్ష్యానికి అతి దగ్గరలో దించి కొట్టడం వోలో. వోలోకు అరచేతిని కిందికి తిప్పి, బంతిని పై నుంచి పట్టుకుంటారు. వదిలేటప్పుడు వెనక్కి తిరిగే సుడి వస్తుంది కాబట్టి కొట్టాక అది దూరంగా పారిపోదు. ఇటలీ పోటీల్లో ఏ బంతిని కొట్టబోతున్నారో ముందుగా ప్రకటించాలి.

రాఫాకు రెండు మూడు అడుగులు నడుస్తూ వేయవచ్చు. నడక మొదలుపెట్టాక మనసు మార్చుకోకండి. సగం బలంతో కొట్టిన బంతి తగిలినా ఎదుటి బంతిని మరింత దగ్గరికి తోస్తుంది. వోలో నేర్చుకోవడానికి నెలలు పడుతుంది, బంతి పడ్డ చోట నేల గుంట పడుతుంది కూడా. మీ కోర్టు డస్ట్‌తో వేసిందైతే వోలో సాధనను విడిగా ఇసుక మీద చేయండి.

ఒక ఫ్రేమ్‌ను దగ్గర నుంచి చూద్దాం

పల్లీనో 45 అడుగుల దగ్గర ఆగింది. ఎర్ర జట్టు మొదటి బంతి సరిగ్గా దాని ముందు 12 అంగుళాల దూరంలో నిలిచింది. పచ్చ జట్టు కుడి పక్క నుంచి తిప్పి వేసింది. బంతి దాటిపోయి 24 అంగుళాల దూరంలో ఆగింది. ఇంకా దూరంగానే ఉన్నారు కాబట్టి వారే మళ్ళీ వేయాలి. రెండవ పచ్చ బంతి ఎర్ర బంతిని ఒరుసుకొని వెళ్ళి, దాన్ని 18 అంగుళాలకు జరిపి, తాను 8 అంగుళాల దగ్గర ఆగింది.

ఇప్పుడు ఎర్ర జట్టు చేతిలో మూడు బంతులు, పచ్చ జట్టు చేతిలో రెండు. ఆ 8 అంగుళాల లోపలికి దొర్లించాలా, కొట్టాలా? కొట్టడమే సరైన నిర్ణయం. బంతులు ఎక్కువ ఉన్నందువల్ల ఒకటి వృథా అయినా తట్టుకోగలరు. పైగా ఆ పచ్చ బంతి తొలగిపోతే 18 అంగుళాల దగ్గర తమ బంతి సిద్ధంగా ఉంది. రాఫా తగిలింది, పచ్చ బంతి కోర్టు చివరికి ఎగిరిపోయింది. వంతు మళ్ళీ పచ్చ జట్టుదే. మూడవది తొందరలో వెనక పలకను కొట్టి చెల్లకుండా పోయింది, నాలుగవది మూడడుగుల దూరంలో ఆగింది.

పచ్చ జట్టు చేతిలో బంతులు లేవు, ఎర్ర జట్టుకు రెండు ఉన్నాయి. ఇక కొట్టవలసిన అవసరమే లేదు. ప్రమాణం 24 అంగుళాలు. ఆ లోపల ఆగిన ప్రతి బంతీ ఒక పాయింట్. పల్లీనోనూ తమ మొదటి బంతినీ కదిలించకుండా, ఖాళీగా ఉన్న ఎడమ పక్క నుంచి రెండింటినీ మెల్లగా చేర్చారు. మూడు పాయింట్లు. అదే ఎర్ర జట్టు చేతిలో ఒకే బంతి, పచ్చ జట్టు చేతిలో మూడు ఉండి ఉంటే, కొట్టడం కంటే దారికి అడ్డంగా ముందు ఆపడం మెరుగైన ఎంపిక అయ్యేది. కాబట్టి వేసే ముందు రెండు జట్ల చేతుల్లోనూ ఎన్ని బంతులు మిగిలాయో లెక్కపెట్టడం అలవాటు చేసుకోండి.

సాధన

మొదటి వారాల్లో పల్లీనో లేకుండానే ఆడండి. ముందు ఐదారు అడుగుల దూరంలో ఒక తువ్వాలు పరిచి, ప్రతి బంతీ దాని మీదే పడేలా వేయండి. అది కుదిరాక మెట్ల సాధన మొదలుపెట్టండి: మొదటి బంతిని 30 అడుగులకు పంపి, తరువాతి ప్రతి బంతీ ముందుదాన్ని దాటాలి, కానీ అడుగుకు మించి దాటకూడదు. నాలుగు బంతులనూ ఇలా నిలపగలిగారంటే దూరం మీ చేతికి వచ్చినట్టే. కొట్టడం సాధన చేసేటప్పుడు లక్ష్యాన్ని 20 అడుగుల దగ్గర పెట్టి, వరుసగా తగులుతున్నప్పుడే వెనక్కి జరపండి.

ఆట అయ్యాక తడి గోనెపట్టాతో కోర్టును ఒకసారి లాగి, వారానికి ఒకమారు నీళ్ళు చల్లి రోలర్ తిప్పితే ఉపరితలం చెక్కు చెదరదు.

దగ్గరి ఆటలు

కోర్టు వేయలేనివారికి పెటాంక్ అనుకూలం. 1910 ప్రాంతంలో ఫ్రాన్స్‌లోని మార్సెయ్‌కు దగ్గరున్న లా సియోటాలో పుట్టిన ఈ ఆటలో, రెండు పాదాలనూ కదపకుండా ఒక వలయంలో నిలబడి, 70.5 నుంచి 80 మి.మీ. వ్యాసం ఉన్న లోహపు బంతులను 6 నుంచి 10 మీటర్ల దూరంలోని లక్ష్యానికి వేస్తారు. గులక నేల ఉంటే చాలు. లాన్ బౌల్స్‌లో బంతి ఆకారమే ఒక వైపు మొగ్గేలా చేస్తారు కాబట్టి వేగం తగ్గిన కొద్దీ అది వంపు తిరుగుతుంది. 2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో భారత మహిళల ఫోర్స్ (నలుగురేసి ఆడే విభాగం) జట్టు స్వర్ణం గెలిచింది ఈ ఆటలోనే.

బోచే స్పెషల్ ఒలింపిక్స్‌లో అధికారిక క్రీడ. మేధోపరమైన వైకల్యం ఉన్న పిల్లల పాఠశాలలకు నేను మొదట సూచించేది దీన్నే, ఎందుకంటే వంతు కోసం ఆగడం, దూరం అంచనా వేయడం, ఎదుటివారి బంతిని గమనించడం ఆటలోనే అలవడతాయి. చేతులూ కాళ్ళూ స్వాధీనంలో లేనివారికి బోచా అనే వేరే ఆట ఉంది. 1984 నుంచి పారాలింపిక్స్‌లో ఉన్న ఆ ఆటలో ఆరు ఎరుపు, ఆరు నీలం, ఒక తెలుపు తోలు బంతులతో, 12.5 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు ఉన్న గదిలోపలి కోర్టులో, చక్రాల కుర్చీలో కూర్చొనే ఆడతారు. చేత్తో విసరలేనివారు వాలు పలక మీదుగా బంతిని వదులుతారు. ఆ పలకను ఆటగాడు చెప్పిన చోటికి తిప్పే సహాయకుడు ఆట సాగుతున్నంతసేపూ కోర్టుకు వీపు పెట్టి కూర్చోవాలి, వెనక్కి తిరిగి చూడకూడదు.